బొంత మీద కూర్చున్న మనిషి

కొత్త మిషన్లకు పూసిన నూనె వాసన, నా ఒళ్ళో ఉన్న సంచిలోంచి కలరా ఉండల వాసన, రెండూ కలిసి ముక్కుకు తగిలేసరికి నేనెక్కడున్నానో ఒక్క క్షణం మరిచిపోయాను. ఉన్నది విజయవాడలో, బీసెంట్ రోడ్డు పక్క సందులోని కుట్టుమిషన్ల షాపులో. బొంతలు కుట్టుకోవడానికి కూర్చుని కుట్టే మిషను ఒకటి ఇంటికి కొనాలని వచ్చాను. షాపాయన అరచేయంత తెల్లగుడ్డ ముక్క సూది కింద పెట్టి, "కుట్టి చూడండి మేడమ్, వెన్నలా పోతుంది" అన్నాడు. ఈ ముక్క మీద ఏ మిషనైనా వెన్నలాగే పోతుందండీ అని, సంచిలోంచి మా ఇంటి పాత బొంత తీసి బల్ల మీద పరిచాను. ఆయన ముఖంలో నవ్వు కాస్త తగ్గింది. బేరానికొచ్చే వాళ్ళు బొంత వెంటబెట్టుకుని రావడం ఆయన ఎప్పుడూ చూసినట్టు లేడు.

ఆ బొంత కింద, సంచి అడుగున, ఏడు చీరలున్నాయి. అవి కాశింబీ అత్తవి. అత్త పోయి ఏడాదయింది. కిందటి నెలలో ఆవిడ కూతురు నూర్జహాన్ గన్నవరం నుంచి బస్సెక్కి వచ్చి ఆ మూట నా చేతిలో పెట్టింది. "అమ్మ చీరలక్కా. బొంత కుట్టివ్వు. బీరువాలో దాచుకోడానిక్కాదు, కప్పుకుంటా" అంది. ఈ ఏడూ తప్ప అత్త చీరలు ఇంకెక్కడా లేవు. పాడుచేస్తే మళ్ళీ తేవడానికి అత్త లేదు. అలాంటి పని నా చేతికివ్వడమేమిటనిపించింది. ఎందుకంటే ఇలాంటి చీరలను ఒకసారి పాడుచేసిన చెయ్యి ఇది. ఆ సంగతి నూర్జహాన్‌కు తెలియదనే అనుకున్నాను.

పెళ్ళయిన కొత్తలో మేము వన్‌టౌన్‌లో ఒక పెంకుటింటి వాటాలో అద్దెకుండేవాళ్ళం. పక్క వాటా కాశింబీ అత్తది. వాళ్ళు దూదేకుల వాళ్ళు. మామ దూది ఏకి పరుపులు కుట్టేవాడు, అత్త బొంతలు కుట్టేది. నేను అప్పుడు ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాని. నాకు అన్నింట్లోనూ తొందరే. అన్నం ఉడక్కముందే గంజి వార్చే రకం. అత్త అందుకు పూర్తిగా వేరు. పొరలు పొరలుగా చీరలు పరిచి, వాటి మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుని, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ రోజుకింత లోపలికి జరిగేది. పది పన్నెండు రోజులకు నడిమధ్యకు చేరేది. అక్కడ ఆఖరి ముడి వేసి, దాన్ని పొరల మధ్యకు లాగి దాచి, బొంతకు చెంప ఆనించి అటూ ఇటూ రాసేది.

"ఇదేంటత్తా, ముద్దు చేస్తున్నావా?" అని ఆటపట్టించాను ఒకసారి.

"కప్పుకునేవాళ్ళకి కుట్టు కనపడదే పద్మా, ముడి తగులుద్ది. పసిబిడ్డకి తగిలితే చెప్పలేదుగా. అందుకని నేనే చూసుకుంటా" అంది. ఆవిడ దగ్గర మూట దించిన వాళ్ళను మొదట అడిగే ప్రశ్న ఎన్నాళ్ళకు కావాలని కాదు, ఇవి ఎవరి చీరలమ్మా అని. చెప్పేవాళ్ళు చెప్పుకుంటూ పోయేవాళ్ళు, ఆవిడ వింటూ మడతలు విప్పేది. అప్పుడు నాకది కాలక్షేపంలా కనిపించేది.

సెలవు రోజుల్లో పక్కన కూర్చుని సూదికి దారం ఎక్కించేదాన్ని, తర్వాత అంచులు కుట్టేదాన్ని. రెండేళ్ళకు నాకూ చెయ్యి తిరిగింది. చెయ్యి తిరగ్గానే తలకూడా తిరిగింది, అదీ సమస్య. పుట్టింటి వాళ్ళిచ్చిన కుట్టుమిషను నా దగ్గరుండేది. అత్త పన్నెండు రోజుల పని నేను ఒక్కరోజులో లాగించేయొచ్చుగదా అనిపించింది. ఆమాటే అంటే, "ఎందుకు లాగించడం? ఎవరన్నా తరుముతున్నారా?" అని నవ్వి ఊరుకుంది.

ఆ రోజుల్లోనే కంకిపాడు నుంచి సామ్రాజ్యం గారనే రైతు కుటుంబం ఆవిడ తన తల్లి చీరలు తెచ్చిచ్చింది. తల్లి పోయి మూడు నెలలే. అందులో వంకాయ రంగు నేతచీర ఒకటి ఉంది. తల్లి దాన్ని ఇష్టంగా కట్టేదట. అది పైపొరగా రావాలని రెండుసార్లు చెప్పి వెళ్ళింది. అత్త చీరలన్నీ ఉతికి ఆరేసి పెట్టింది. ఈలోపు నూర్జహాన్ పురిటికని అత్త వారం రోజులు గన్నవరం వెళ్ళాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి బొంత పూర్తిచేసి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే, మెప్పు కొట్టేద్దామనుకున్నాను.

అత్త చేసినట్టే అంచు నుంచి మొదలుపెట్టి, మిషను మీద చుట్టూ తిప్పుతూ లోపలికి వచ్చాను. మిషను మెడ కింద జాగా జానెడు. బొంతను చాపచుట్టలా చుట్టి ఆ జాగాలోకి కుక్కుతూ కుట్టాను. నడుమ ఏం జరుగుతోందో ఆ చుట్టలో కనిపించలేదు. సాయంత్రానికి విప్పి చూస్తే, నాలుగువైపుల నుంచీ జరిగిన బట్టంతా నడిమధ్యకు చేరి పూరీలా పొంగి ఉంది. చేత్తో నొక్కితే పక్కకు పొంగింది. ఆగి ఉంటే, కుట్లు విప్పితే సరిపోయేది. నేను ఆగలేదు. కత్తెర తీసుకుని, పొంగిన చోట వంకాయ రంగు చీరను కోసి, ఒకదాని మీదొకటి మడిచి కుట్టేశాను.

అత్త వచ్చి చూసింది. తిట్టలేదు. ఆ మడత మీద వేలు పెట్టి తడిమి చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. నేను ఏడుస్తూ, "నువ్వు కుట్టినట్టే కుట్టానత్తా, అంచు నుంచే మొదలెట్టాను" అన్నాను.

"నేను దాని మీద కూర్చుంటానే పిచ్చిదానా. నా బరువుకి పొరలు కదలవు. నీ మిషను కింద బొంత మీద ఎవరు కూర్చున్నారు?" అంది.

రెండేళ్ళు పక్కనే కూర్చుని ఆవిడ చేతివేళ్ళు చూశాను గానీ, ఆవిడ ఎక్కడ కూర్చుందో చూడలేదు.

ఆ మర్నాడే సామ్రాజ్యం గారు వచ్చింది. బొంత విప్పి, కోసిన చోటు చూసింది. "మా అమ్మ చీరకి కత్తెరేశారా?" అంది. నేను ఒక అడుగు ముందుకేశాను. అత్త నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"చెయ్యి జారిందమ్మగారూ. తప్పు నాదే. విప్పి మళ్ళీ కుట్టిస్తా."

"నీ పనితనం గురించి విని అంతదూరం నుంచి వచ్చాను కాశింబీ" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. అత్త గుమ్మం దాకా వెళ్ళి, ఆవిడ ఆటో ఎక్కేదాకా తల దించుకుని నిలబడింది. అంత పనిమంతురాలు నా కోసం అలా తల దించుకోవడం చూసినప్పుడు భూమి బద్దలైతే బాగుండుననుకున్నాను. ఎందుకలా చేశావని అడిగితే, "నా చెయ్యి జారిందంటే నాలుగు రోజులు అనుకుంటారు. నీ చెయ్యి జారిందంటే నువ్వు మళ్ళీ సూది పట్టుకోవు" అంది.

తర్వాత ఎనిమిది రోజులు ఇద్దరం ఒక్కొక్క కుట్టే విప్పాం. ఆ చీర కుచ్చెళ్ళ లోపలి వైపు నుంచి ముక్క తీసి, నేత కలిసేలా అతుకు వేసింది అత్త. బొంత బాగానే వచ్చింది. సామ్రాజ్యం గారు మనిషిని పంపి తీసుకెళ్ళింది గానీ, ఆ వైపు ఊళ్ళ నుంచి మళ్ళీ ఎవరూ అత్త దగ్గరికి మూట తీసుకురాలేదు. అత్త ఆ మాట ఏనాడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆవిడది మంచితనం, నాది పిరికితనం.

ఇప్పుడు ఈ షాపులో, నా బొంత చూశాక, షాపాయన మొదట కంప్యూటర్ తెర ఉన్న మిషను చూపించాడు. వందల డిజైన్లట. కూర్చుని నా బొంత పెట్టి చూశాను. చుట్టచుట్టి కుక్కితే తప్ప నడుమ భాగం సూది కిందికి రాలేదు. దాన్ని పక్కన పెట్టమన్నాను. ఇంకోటి నిలబడి నడిపేది, దాని చట్రానికే మా హాలు చాలదు. మూలన ఒక సాదా మిషను ఉంది. బల్లలోకి దించి బిగించి ఉండడం వల్ల బట్ట బల్ల మీద సమంగా పరుచుకుంది. సూదికీ స్తంభానికీ మధ్య నా మోచేయి పట్టేంత జాగా ఉంది. కూర్చుంటే భుజాలు పైకెత్తాల్సిన పని లేకపోయింది.

"దాంట్లో డిజైన్లుండవు మేడమ్" అన్నాడాయన.

"నడుమ కనిపిస్తోంది కదండీ, అది చాలు" అన్నాను.

మిషను ఇంటికొచ్చినా మూడు రోజులు మూట విప్పలేదు. నాలుగోరోజు పొద్దున్నే నూర్జహాన్‌కు ఫోన్ చేశాను. సామ్రాజ్యం గారి బొంత కోసింది మీ అమ్మ కాదు, నేను అని చెప్పేశాను. ఇది విన్నాక కూడా కుట్టమంటేనే కుడతానన్నాను.

"నాకు తెలుసక్కా. అప్పట్లోనే అమ్మ చెప్పింది" అంది.

"తెలిసీ నాకెందుకిచ్చావు?"

"అమ్మే ఇమ్మంది. పోయే ముందు చీరలు మడత పెట్టించుకుంటూ అంది, 'పద్మకివ్వు. ఒకసారి కోసి ఏడ్చింది, ఇంక తొందరపడదు' అని."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. ఆ తర్వాత హాల్లో చాప వేసి, అత్త ఏడు చీరలూ ఒకదాని మీదొకటి పరిచాను. కత్తెర తీసుకెళ్ళి వంటింట్లో పెట్టి వచ్చాను. మిషను దగ్గరికి వెళ్ళలేదు. ముందు చీరల మీద, నడిమధ్యన, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. పొరలు కదలకుండా సూదితో పెద్ద పెద్ద టాకా కుట్లు వేసుకుంటూ నడుమ నుంచి అంచులకు జరిగాను. మిషను పని ఆ తర్వాతే. టాకాలు వేయడానికే రెండు రోజులు పట్టింది. ఎవరూ తరమలేదు.