బుర్రోని గొంతు

ఒక మనిషి గొంతును నా గొంతులో దాచుకుని ఇన్నేళ్లు బతికాను. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పగలిగే ధైర్యమే ఉంటే ఎప్పుడో చెప్పేదాన్ని. చెప్పవలసింది ఒకరికి, ఇంకొకరి కోసం. ఇద్దరూ పోయారు. ఇప్పుడు చెప్పి ఏం లాభం అంటారేమో. నన్ను నేను కూడా అదే అడుగుతున్నాను. అయినా రాస్తున్నాను. అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను, మాట ఆగి ఆగి వస్తుంది. కాస్త ఓపిక పట్టండి.

మాది తోలుబొమ్మలు ఆడించే ఇల్లు. తాతల కాలంలో మరాఠీ గడ్డ నుంచి వచ్చామని చెప్పుకునేవాళ్లు. నేను కాపురానికి వచ్చేనాటికి ఇంట్లో మాట్లాడేది తెలుగే. మామ, నా భర్త, నేను, ముగ్గురమే. అత్త అప్పటికే పోయింది. బండి మీద బొమ్మల పెట్టె వేసుకుని జుక్కల్, పెద్దకొడప్‌గల్, ఎల్లారెడ్డి, అటు కామారెడ్డి దాకా ఊరూరా తిరిగేవాళ్లం. తెల్ల పంచెను తెరగా కట్టి, వెనక ఆముదం దీపాలు పెట్టి, మేకతోలు బొమ్మలను దానికి ఆనించి ఆడించేవాళ్లం. మగ బొమ్మకు మగవాళ్లే గొంతు పెట్టాలి, ఆడ బొమ్మకు ఆడవాళ్లే. అది మా కట్టుబాటు.

నవ్వించే బొమ్మ ఒకటి ఉండేది. పెద్ద తల, సన్నటి కాళ్లు, ఊగులాడే కుడిచేయి. దాన్ని మేం బుర్రోడు అనేవాళ్లం. వాడి గొంతు మామది. ముక్కుతో కొంచెం, గీరగా కొంచెం, చివర్లో దీర్ఘం తీస్తూ. ఆ గొంతు వినగానే పిల్లలు తెర ముందుకు పాకి వచ్చేవాళ్లు. నేను వాగులో బట్టలు ఉతుకుతూ, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, ఆ గొంతు పెట్టి నాలో నేనే మాట్లాడుకునేదాన్ని. ఒకసారి మామ వెనక నిలబడి విన్నాడు. నేను సిగ్గుతో చచ్చాను. ఆయన నవ్వి వెళ్లిపోయాడు. నా భర్తకు చెప్పలేదు.

మేం ఆడే ఆటల్లో జనం అడిగి ఆడించుకునేది రాజుగారి పెళ్లి. పట్నంలో పెద్దింటి పెళ్లికి పరదేశం నుంచి పెళ్లికూతురు వచ్చిందని ఊళ్లలో కథలు కథలుగా చెప్పుకునే రోజుల్లో మామ దాన్ని కట్టాడు. రాజు కొడుకు పెళ్లికి అన్ని దేశాలవాళ్లనూ పిలుస్తాడు. వచ్చినవాళ్లను బుర్రోడు నీదే దేశమని అడుగుతుంటాడు. ఇంగ్లీషు దొర టోపీ పెట్టుకుని వచ్చి, పెళ్లికొడుకు పీట మీద తనే కూర్చుంటాడు, లేవమంటే ఈ పీట మాదే అంటాడు. అరబ్బు వాకిట్లో కత్తి పట్టుకుని నిలబడి, చివరికి పెళ్లికొడుకునే లోపలికి రానివ్వడు. మరాఠీవాడు విందులో కూర్చుని ప్రతి వంటకూ మా ఊళ్లో ఇంతకంటే కారం ఉంటుందంటాడు. అది మమ్మల్ని మేమే వెక్కిరించుకోవడం. పరదేశపు పెళ్లికూతురికి ఎవరి మాటా తెలియదు, అందరినీ చూసి తల ఊపుతుంది. ఆమెకు గొంతు పెట్టేది నేనే. అంటే నాకు మాటలే లేవన్నమాట. ఆ దేశాలవాళ్లలో ఒక్కరితోనైనా మేం కూర్చుని మాట్లాడి ఎరుగమా? ఎరుగం. ఎరుగకుండానే వెక్కిరించేవాళ్లం, ఎరుగకుండానే జనం నవ్వేవాళ్లు.

ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊరి దొర కొడుకు పెళ్లికి మమ్మల్ని తీసుకుపోవడానికి దొర మనుషులు వచ్చారు. అప్పుడు మేం దారిలో ఉన్నాం. బండెద్దు కాలికి దెబ్బ తగిలితే నా భర్త దాన్ని తోలుకుని గాంధారిలో ఆగిపోయాడు. ఆయన అటు పోయాకే మామకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది, గుసగుస తప్ప మాట రాదు. రాలేమని చేతులు జోడించాడు. వచ్చినవాళ్లు వినలేదు. పెట్టెను తమ బండిలో వేసి, మమ్మల్ని వెంట నడిపించారు. ఆ ఊళ్లో అందరి సంగతీ అంతే. కుమ్మరి కుండలు మోసుకొచ్చాడు, చాకలివాళ్లు గడి ముందు, కోటలాంటి దొర ఇంటి ముందు, పందిరి కింద నీళ్లు చల్లుతున్నారు, ఆడవాళ్లు చంటిపిల్లలను పక్కన పడుకోబెట్టి బియ్యం దంచుతున్నారు. ఎవరి మొహంలోనూ పెళ్లి కళ లేదు. వెట్టి అంటే అదే, దొర పిలిస్తే కూలి అడగకుండా రావడం.

మామ నన్ను పక్కకు పిలిచి గుసగుసగా చెప్పాడు. మద్దెల తను వాయిస్తానన్నాడు. బొమ్మలన్నీ నన్ను ఆడించమన్నాడు. బుర్రోణ్ని కూడా. తెర వెనక ఎవరున్నారో ఎవరికి కనబడుతుందని అన్నాడు. నాకు భయమేసింది. భయం కంటే సంతోషం ఎక్కువైందని ఇప్పుడు ఒప్పుకోవాలి.

ఆట మొదలైంది. బుర్రోని గొంతు వచ్చింది, అచ్చం మామ గొంతే. కానీ జనం నవ్వలేదు. ఇంగ్లీషు దొర పీట మీద కూర్చున్నాడు, నవ్వలేదు. అరబ్బు కత్తి దూశాడు, నవ్వలేదు. పొద్దంతా చాకిరి చేసి కూలబడ్డ మనుషులు ఎలా నవ్వుతారు? అది అప్పుడు నాకు తట్టలేదు. నా గొంతే పనికిరాలేదనుకున్నాను. ఎలాగైనా నవ్వించాలని ఒకటే తపన పట్టుకుంది. పెట్టెలోంచి కుండ మోసే బొమ్మ ఒకటి తీసి బుర్రోని ఎదుట నిలబెట్టాను. అది ఆ ఆటలో ఉండవలసిన బొమ్మ కాదు.

"నువ్వే దేశపోనివిరా? అరబ్బువా, ఇంగ్లీషోనివా?" అని బుర్రోడు అడిగాడు. బొమ్మ తల అడ్డంగా ఊపింది. "గట్లయితే ఈ ఊరోనివే. నాకెర్కయింది తియ్. అన్ని దేశాలోళ్లు పిలిస్తె వచ్చిండ్రు. ఈ ఊరోళ్లు పట్టుకొస్తె వచ్చిండ్రు."

వెనక వరుసల్లోంచి నవ్వు వచ్చింది. అలాంటి నవ్వు నేనెన్నడూ వినలేదు. ముందు ఒక్క ఆడమనిషి, తర్వాత అందరూ. ముందు కూర్చున్న గడివాళ్ల వైపు నుంచి మాత్రం చప్పుడు లేదు. మామ మద్దెల ఒక్క దెబ్బ తప్పింది. తర్వాత ఏమీ జరగనట్టు వాయిస్తూ పోయాడు. నేను ఆ కుండ బొమ్మను కిందికి దించేశాను.

వాళ్ల మీద జాలితో అన్నానా? దొర మీద కోపంతోనా? చాలాసార్లు అలాగే అనుకోవాలని చూశాను. కాదు. నవ్వు కోసం అన్నాను. నా గొంతుకు నవ్వరేమోనన్న భయంతో అన్నాను.

తెల్లవారి గడి ముందు నిలబెట్టారు. దొర అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. నేను నెత్తి మీద కొంగు కప్పుకుని, పెట్టె పక్కన, మామకు వెనక నిలబడ్డాను.

"రాత్రి ఆ మాట అన్నదెవడు?"

"నేనే దొరా. నీ బాంచెన్," అన్నాడు మామ. గుసగుసే వచ్చింది.

దొర పక్కనున్నవాళ్ల వైపు చూసి నవ్వాడు. "రాత్రి అంతగనం మొత్తుకుంటివి, పొద్దుగాలకు గొంతే లేకపాయె." పోయిన గొంతే సాక్ష్యమైంది. అది ముందురోజే పోయిందని తెలిసినవాళ్లు, మమ్మల్ని పట్టుకొచ్చిన మనుషులు, అక్కడే నిలబడి ఉన్నారు. ఒక్కడూ నోరు తెరవలేదు. ఇంటి కోడలు మగ గొంతుతో అన్నదన్న ఆలోచన వాళ్లకూ వచ్చి ఉండదు. నాకు మాత్రం నోరు లేదా? అన్నది నేనని తెలిస్తే నన్ను గడి లోపలికి తీసుకుపోతారని భయపడ్డాను. ఆ భయం నిజమే. అక్కడి దాకా నన్ను నేను తప్పు పట్టుకోను.

దొర మామను కొట్టించలేదు. ఆ మాట అన్న బొమ్మను మామ చేత్తోనే కాల్చమన్నాడు, మళ్లీ ఈ చుట్టుపక్కల తెర కట్టొద్దన్నాడు. మా బొమ్మ పాతబడితే దానికి స్నానం చేయించి, పసుపు కుంకుమ పెట్టి, మంజీర నదిలో వదులుతాం. మనిషి పోయినట్టే ఆ పూట పొయ్యి వెలిగించం. కాల్చడమన్నది మా వంశంలో లేదు. మామ వెనక్కి తిరగకుండా చేయి చాపాడు. పెట్టె తెరిచి బుర్రోణ్ని తీసి ఆ చేతిలో పెట్టింది నేను. తోలు కాలే వాసన నాకు ఇప్పటికీ అన్నం ముందు వస్తుంది.

తిరుగుదారిలో ఊరు దాటాం. తర్వాత మామే అన్నాడు.

"ఎనుక కూసున్నోళ్లు నవ్విండ్రు. ఇన్నవా?"

"ఇన్న మామా."

"బాగన్నవ్ బిడ్డా. ఇగ ఎవలకు చెప్పకు."

దొర మనుషులకు చెప్పకు అన్నాడాయన. నేను దాన్ని ఇంట్లో కూడా చెప్పకు అని అర్థం చేసుకున్నాను. అలా అర్థం చేసుకోవడం నాకు సుఖమనిపించింది.

అసలు తప్పు ఇక్కడ మొదలైంది. ఆ ఊరి సంగతి పాకి, వేరే ఊళ్లలోనూ మమ్మల్ని తెర కట్టనివ్వలేదు. కామారెడ్డి చేరాం. నా భర్త స్టేషన్ దగ్గర బస్తాలు మోసే పనిలో కుదిరాడు. బొమ్మల చేతులవి, సన్నటి వేళ్లు, రోజూ తోలు ఊడేవి. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చోగానే తండ్రిని పట్టుకునేవాడు. "నీ నోటి దురదకు మా నోట్ల మన్ను పడ్డది బాపు. తాతల సంది వచ్చిన విద్యను ఒక్క మాటకు బుగ్గి చేస్తివి." మామ అన్నం కలుపుకుంటూ వినేవాడు. అన్నం వడ్డిస్తూ నేను అక్కడే ఉండేదాన్ని. దొర లేడు, గడి లేదు, నన్ను ఎవరూ ఎక్కడికీ తీసుకుపోరు. నేనే అన్నానని చెబితే ఏమయ్యేది? మొగుడు కొట్టేవాడేమో. కొన్నాళ్లు మాట్లాడకపోయేవాడేమో. అంతే కదా. ఆ కాస్త దానికి, ఆయన తిట్లు తింటుంటే నేను చారు పోస్తూ నిలబడ్డాను.

అప్పుడు మామ నా వైపు చూసేవాడు కాదు. చూస్తే నా మొహం పట్టిస్తుందని, గోడ వైపు తిరిగి తినేవాడు. కొడుకు మాటలు మానేశాక, ఇంట్లో ఆయనతో మాట్లాడే మనిషే లేకుండా పోయాడు. నేనూ తప్పించుకు తిరిగేదాన్ని.

చివరి రోజుల్లో మంచం పట్టాడు. ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"ఒక్కపారి బుర్రోని గొంతు పెట్టు బిడ్డా. ఇనబుద్ధయితుంది."

నా భర్త బయట అరుగు మీద కూర్చుని తాడు పేనుకుంటున్నాడు. ఆ గొంతు నా నోట్లోంచి వస్తే ఆయనకు అంతా తెలిసిపోతుంది. నేను దుప్పటి సర్ది, "తర్వాత పెడత మామా, పండుకో" అన్నాను. ఆయన సరేనన్నట్టు కళ్లు మూసుకున్నాడు. మళ్లీ అడగలేదు. నాలుగు మాటలు, ఒక ముక్కు గొంతు. అంతకంటే ఆయన నన్నేమీ అడగలేదు జీవితంలో. అది కూడా ఇవ్వలేదు నేను.

ఆయన పోయాక కొన్నాళ్లకు కామారెడ్డి బజార్లో, దొరల మీద తిరగబడ్డ సంఘంవాళ్లు మీటింగులు పెట్టడం మొదలైంది. వెట్టి గురించి చెబుతూ ఒకాయన, ఎల్లారెడ్డి దిక్కున ఒక బొమ్మలాయన పెళ్లి పందిట్లోనే దొరను నిలదీశాడని, ఆ మాట అప్పజెప్పాడు. జనం నవ్వారు, అదే నవ్వు. నా భర్త ఛాతీ పొంగించి పక్కవాళ్లతో "మా బాపే" అన్నాడు. నాకు ఏడుపు రావాలి కదా. ఏమొచ్చిందో తెలుసా? ఉక్రోషం. ఆ మాట నాది అని అరవాలనిపించింది. తిట్లు పడేటప్పుడు ఆయనదైన మాట, మెప్పు రాగానే నాదెలా అయింది? ఆ రోజు నన్ను చూసి నాకే అసహ్యమేసింది. అప్పుడూ చెప్పలేదు. ఆ గొప్ప తలచుకుంటూనే నా భర్త కూడా పోయాడు.

ఇది రాయడం పాపం దించుకోవడానికా, లేక ఆ మాట నాదని చాటుకోవడానికా? రెండూ ఉన్నాయేమో. విడదీయడం నాకు చేతకావడం లేదు.

ఈ పొద్దున ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపు దగ్గరికి వేసి గొంతు పెట్టి చూశాను. మొదట రాలేదు. నీళ్లు తాగి మళ్లీ పెట్టాను. వచ్చింది. ముసలిదాన్నయ్యాను కదా, ముందటి కంటే ఇప్పుడే మామ గొంతుకు దగ్గరగా ఉంది. అప్పట్లో మామ మంచం ఉండిన మూల వైపు తిరిగి, ఆయన అడిగిన ఆ నాలుగు మాటలూ అన్నాను. అక్కడ బియ్యం డబ్బా ఉంది, ఇంకేమీ లేదు.

దొర పందిట్లో ఆ మాట అన్నది నేను. ఆయన అడిగినప్పుడు అననిదీ నేనే.