నిచ్చెన తాత కనపడకుండా పోయాక

ఈ సాయంత్రం మా వీధిలోకి నీళ్ల ట్యాంకరు వచ్చింది. ఎండలు ముదిరితే తిరుపతిలో మా పేటకు అది రావడం మామూలే. దాని ఇంజను మోత సందు మలుపులో వినపడగానే నా చెయ్యి నాకు తెలియకుండానే పక్కకు పోయి, ఒక చిన్న భుజం కోసం వెతుకుతుంది. ఇవాళ దానికి దొరికింది ప్లాస్టిక్ కుర్చీ వీపు. పిల్లలిద్దరూ లోపల ఏదో ఆటలో ఉన్నారు. పెద్దవాడు నా భుజం దాకా ఎదిగాడు, వాడి భుజం ఇప్పుడు నేను వెతికే ఎత్తులో లేదు. నేను చెప్పేది కొన్నేళ్ల కిందటి మాట, అప్పుడు వాడు ఒకటో తరగతి అయిపోయి సెలవుల్లో ఉన్నాడు. రోడ్డు నడుమ చెయ్యి చాపి నిలబడిన వాడి మీదికి ట్యాంకరు వస్తున్నప్పుడు నేను భయపడలేదు, భయపడటానికి వ్యవధి లేదు. అది కీచుమని అరిచి, వాడికి నాలుగడుగుల దూరంలో ఆగింది. దాని పొట్టలోని నీళ్లు ముందుకు ఊగి మూత సందులోంచి రోడ్డు మీద చిందాయి. వాడు చాచిన చేతిని నెమ్మదిగా దించి, అరచేతిని తన వైపు తిప్పుకుని చూసుకున్నాడు, కట్టడం పూర్తయిన గోడను మేస్త్రీ చూసుకున్నట్టు. నా ఒళ్లు చల్లబడింది అప్పుడే. బండి ఆగింది కనుక వాడు బతికాడు, సరే. కానీ బండి తన చేతి వల్లే ఆగిందని వాడు నమ్మాడు. నమ్మినవాడు రేపు మళ్లీ నిలబడతాడు.

దీనికంతటికీ మూలం ఒక టీవీ సీరియల్. దాని పేరు చెప్పను. తీసినవాళ్లయినా ఇప్పుడు చెప్పుకుంటారని అనుకోను. దసరా సెలవుల్లో మొదలయింది, శని ఆదివారాలు, రాత్రి అన్నాల వేళకు. కథానాయకుడు కరెంటాఫీసులో లైన్‌మన్. ఒక వానరోజు స్తంభం మీద షాకు కొట్టి, చావాల్సినవాడు చావక, కుడిచేతిలో ఒక శక్తితో దిగి వస్తాడు. రబ్బరు తొడుగు తీసి అరచెయ్యి చాపితే కదిలేది ఏదైనా ఆగిపోవాలి. అంతే. ఎగరడాలు, గోడలు పగలగొట్టడాలు ఏమీ లేవు. నీలం చొక్కా, ముఖానికి ఒక తువ్వాలు. మా పిల్లలకు ఆయన నీలం మామ. ఒక వారం బావిలోకి జారే ముసలమ్మను ఆపాడు, ఒక వారం ఘాటు రోడ్డులో బ్రేకులు పోయిన బడి బస్సును ఆపాడు. ఆపినాక ఎవరికీ చెప్పకుండా పోయి బండి దగ్గర ఇడ్లీ తినేవాడు. ఆయన వెంట ఎప్పుడూ ఒక ముసలాయన ఉండేవాడు, లైన్‌మన్ స్తంభం ఎక్కితే కింద నిచ్చెన పట్టుకునే మనిషి. "కరెంటు తీసినారు, ఎక్కు నాయనా" అని ఆయన చెబితే తప్ప మన వీరుడు ఒక్క మెట్టు ఎక్కడు. నాకు ఆ సీరియల్‌లో అందరికంటే నిచ్చెన తాతే ఇష్టం. ఆ రోజుల్లో అన్నం తినడానికి అరగంట మారాం చేసే మా చిన్నది కూడా, బస్సు లోయ అంచున ఊగుతుంటే నోరు తెరిచి చూసేది. తెరిచిన నోట్లో నేను ముద్ద పెట్టేసేదాన్ని. మా ఆయన శ్రీ సిటీలో ఒక కంపెనీలో పనిచేస్తారు, పొద్దున చీకటితో బస్సెక్కితే వచ్చేసరికి మనిషి వడిలిపోయి ఉంటారు. ఆయన కూడా చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి చూసిన రోజులున్నాయి.

సంక్రాంతి దాటాక దానికి ఏ గాలి సోకిందో తెలియదు. లైన్‌మన్ ఉన్నట్టుండి ఒక పెద్ద బంగళాలో తేలాడు. ఆ బంగళా ఆయన సొంత తండ్రిదట. అక్కడ ఇద్దరు పినతల్లులు, మెట్ల మీద నిలబడి కళ్లెర్రజేసే ఒక వదిన, పాలగ్లాసులో కలిపే మందు. ఒకరు ఒక మాట అంటే మిగతా అందరి ముఖాలూ ఉరుము చప్పుడుతో మూడేసి సార్లు చూపించేవారు. ఒక పెళ్లి రెండు వారాలు నడిచి ఆగిపోయింది, ఆపింది మాత్రం అరచెయ్యి కాదు, ఫోను కాల్. తరువాత వీరుడికి జ్ఞాపకం పోయింది. నిచ్చెన తాత ఏమయ్యాడో ఒక్క మాట లేదు. చనిపోలేదు, ఊరు పోలేదు, ఒక వారం నుంచి కనపడలేదు, అంతే. మా ఆయన గుమ్మంలో నిలబడటం మానేశారు. చిన్నది నోరు మూసుకుంది. నేను ముద్ద చేత్తో పట్టుకుని, ఈ వారమైనా ఎవరైనా దేన్నైనా ఆపకపోతారా అని తెర వంక చూసేదాన్ని. ఆ రోజుల్లో నేను ఎదురుచూసినంత పిల్లలు కూడా చూసి ఉండరు. మా అత్త ఒక్కతే సరిగ్గా అప్పుడు ఆ సీరియల్‌లోకి దిగింది. అంతకుముందు, "ఏముండాదే దాంట్లో, బస్సు వస్తాది, బస్సు నిలస్తాది" అని గోడకు తిరిగి పడుకునేది. వదిన వచ్చాక మంచం టీవీ ముందుకు జరిపించుకుంది.

వేసవి రాకముందే ఒక శనివారం నీలం చొక్కాలో వేరే మనిషి వచ్చాడు. పాత నటుడు మానేశాడో మాన్పించారో, ఒక ముక్క చెప్పలేదు. కొత్తాయన కాస్త పొట్టి, బుగ్గలు ఎక్కువ. మా ఆయన, "ఎవురబ్బా ఈడు? మనోడు యాడికి పోయినాడు?" అన్నారు. "ఎవరైతే ఏంలే, పక్కకు జరుగు, ఆ పిల్ల ఏడస్తా ఉండాది" అని అత్త. నేను పెద్దవాడి వంక చూశాను, ఏడుస్తాడేమోనని. వాడు మాత్రం నిబ్బరంగా, "నీలం మామే గదా నాయనా. వేషం ఉండాది గదా" అన్నాడు. అందరం నవ్వాం. అత్త మురిసిపోయి వాడి బుగ్గలు పుణికింది.

ఆ మాట వాడికి ఎక్కడిదో ఈ ఊరివాళ్లకు చెప్పనక్కర లేదు. పాకాలలో రైల్వే క్వార్టర్లలో పెరిగిన నాకు మాత్రం తెలియడానికి ఒక ఏడాది పట్టింది. పెళ్లయిన మొదటి వేసవి, గంగజాతర రోజు, నా పట్టుచీర కట్టుకుని, సవరం పెట్టుకుని, కళ్లకు కాటుకతో మా ఆయన గదిలోంచి బయటికి వచ్చారు. నేను నవ్వాను. ఇంట్లో ఇంకెవరూ నవ్వలేదు. దాక్కున్న పాలెగాణ్ణి పట్టడానికి గంగమ్మ రోజుకో వేషం కట్టి తిరిగిందని, అందుకే ఊరు ఊరంతా వేషాలు కడుతుందని అత్త అప్పుడే చెప్పింది. తరువాత పెద్దవాడు నెల తక్కువ పుట్టి, ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో పిడికెడు ప్రాణంతో పడుకున్నప్పుడు, బిడ్డ ఇల్లు చేరితే వీడి నాయన ప్రతి జాతరకూ వేషం కడతాడని ఆమె మొక్కుకుంది. డిగ్రీ దాకా వృక్షశాస్త్రం చదివిన నేను ఆ పెట్టె ముందు నిలబడి డాక్టరమ్మకూ మొక్కాను, గంగమ్మకూ మొక్కాను. బిడ్డ ఇల్లు చేరాడు. ఏటా ఆయన చీర కట్టాక అత్త సొంత కొడుకు కాళ్లకు మొక్కి, మనవడితో చెబుతుంది: "ఈ పొద్దు మీ నాయన మీ నాయన కాదురా. గంగమ్మ. మొక్కు."

ఆ ఏడు జాతరలో వాడికి బైరాగి వేషం వేసి, ఒంటినిండా తెల్లనామం సుద్ద పూశాం. మరుసటి రోజు నీలం మామ వేషం కావాలని పట్టుపట్టాడు. నేను వద్దన్నాను. "కట్టుకోనీలేవే, పిలకాయ ముచ్చట. గంగమ్మకు ఏ వేషమైనా ఒకటే" అంది అత్త. మా ఆయన కంపెనీ చొక్కా నీలం రంగు, అది వాడికి మోకాళ్ల కిందికి వచ్చింది. కుడిచేతికి కంపెనీ తొడుగు. అత్త ముఖాన బొట్టు పెట్టి, నడుముకు వేపరెబ్బ చుట్టి, అన్ని వేషాలకూ చేసినట్టే నీళ్లతో దిష్టి తీసి పారబోసింది. గుడి దాకా తీసుకుపోయి తెచ్చాం. అంతటితో అయిపోయిందనుకున్నాను.

జాతర అయిన తరువాత వచ్చిన ఆదివారం సీరియల్‌లో కొత్త నీలం మామను కూడా ఆస్పత్రి మంచం ఎక్కించారు. కిటికీ బయట ఒక లారీ అదుపు తప్పి సంత మీదికి వస్తుండగా ఆ వారానికి ఆపేశారు. సోమవారం మధ్యాహ్నం ట్యాంకరు వచ్చిందని నేను బిందెలు సర్దుతున్నాను. తల ఎత్తేసరికి రోడ్డు నడుమ నీలం చొక్కా. తొడుగు తీసి, మడిచి జేబులో పెట్టుకుని, చెయ్యి చాపాడు. ఆ తరువాతిది చెప్పాను కదా. డ్రైవరు దూకి వచ్చాడు. "ఏమ్మా, పిలకాయల్ని ఇట్టనా వదిలేది? నాకూ బిడ్డలుండారమ్మా! సూడు, కాలు ఎట్టా వణకతా ఉండాదో!" అంటూ టైరు పక్కనే కూలబడ్డాడు. నేను చెంబుతో నీళ్లిస్తే సగం చొక్కా మీదే పోసుకున్నాడు. మావాడు ఆయన దగ్గరికి పోయి ఎంతో దయగా, "భయపడాకు మామా, నేను ఆపేసినా గదా" అన్నాడు.

సాయంత్రం మా ఆయన కంపెనీ బస్సు దిగి వచ్చి, సంగతి విని చెయ్యెత్తారు, కొట్టలేకపోయారు. వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, "అదంతా ఉత్త యాక్టింగురా. దుడ్లిచ్చి చేపిస్తారు. లారీ అంతకుముందే నిలిపేసి ఉంటారు" అని చెప్పారు. వాడు శ్రద్ధగా విన్నాడు. విని, "మరి నువ్వు చీర కట్టినప్పుడు అవ్వ నీకు మొక్కె గదా నాయనా. అదీ ఉత్తదేనా?" అన్నాడు.

చింతపండు వలుస్తున్న అత్త చేతులు ఆగిపోయాయి. "చెప్పరా, నేనూ ఇంటా" అంది. మా ఆయన బిడ్డను ఒళ్లోంచి దించారు. "ఉత్తదయితే ఈ బిడ్డ ఈ పొద్దు ఈడ కూసోని నిన్ను అడగతా ఉండునా?" అంది మళ్లీ. మా ఆయన, "స్నానం చేసొస్తా" అని లేచి వెళ్లారు. వచ్చాక ఆ నీలం చొక్కాను బీరువాలో పెట్టి తాళం వేశారు. చొక్కా దాయగలం, వాడి చెయ్యి మాత్రం వాడి దగ్గరే ఉంది. వేషం ఉత్తదని చెబితే, మా ఇల్లు నిలబడిన మాట ఒకటి కూలుతుంది. నిజమని ఊరుకుంటే రేపు ఇంకో డ్రైవరు అటు తిరిగి బీడీ వెలిగించుకుంటూ ఉండవచ్చు. పక్కన పడుకున్న వాడి అరచేతిని తెల్లవార్లూ నా చేతిలో పట్టుకుని ఉన్నాను. చెమట పట్టిన చిన్న చెయ్యి, ఏమీ తెలియనట్టు ముడుచుకుని ఉంది.

పొద్దున ఇద్దరినీ గడప మీద కూర్చోబెట్టాను. అత్త ముగ్గు వేస్తూ వీపు ఇటు పెట్టింది, చెవి కూడా ఇటే పెట్టింది. "జాతర్లో నాయన వేషం కట్టినప్పుడు ముందర ఎవరు నడిచినారు?" అని అడిగాను. "అవ్వ" అన్నాడు పెద్దవాడు. "పక్కన?" "చిన్నాయన. నువ్వు నీళ్లచెంబు పట్టుకోని వస్తివి." "ఎందుకు నడిచినాం? వేషం కట్టినోళ్లకు దారి తెలీదు నాయనా. రాయి తెలీదు, బండి తెలీదు. అందుకే ఇంటోళ్లు పట్టుకోని నడిపిస్తారు. వేషం నిజమే. కానీ ఇంటోళ్లు పక్కన లేకుండా ఒక్కడే రోడ్డు మీదికి పోతే అది వేషం కాదు, ఉత్త చొక్కా. నిన్న బండిని నీ చెయ్యి ఆపలేదు. ఆ మామ నిన్ను చూసి బ్రేకు తొక్కినాడు. చూడకుండా ఉంటే ఈ పొద్దు నేను ఈడ ఒక్క బిడ్డతోనే మాట్లాడతా ఉందును."

వాడి ముఖం చిన్నబోయింది. చాలాసేపు అరచెయ్యి చూసుకున్నాడు. తరువాత, లాయరు మాదిరి తలెత్తి, "మరి నీలం మామ పక్కన ఎవరూ లేరే?" అన్నాడు.

"ఉండె గదరా, నిచ్చెన తాత" అన్నాను. "ఆయన చెప్పందే ఎక్కతా ఉండెనా? ఆ తాతను తీసేసినాకే గదా ఆయన కథ అట్టా చెడిపోయింది."

వాడికి అందులో న్యాయం కనపడినట్టుంది. ముగ్గు దగ్గర అత్త, "అవునే, ఆ ముసిలాయన యాడికి పోయినాడో పాపం" అంది, ఇటు తిరగకుండానే. అంతవరకూ ఏమీ పట్టనట్టు కాలి మువ్వలు లాక్కుంటున్న చిన్నది లేచి వచ్చి, "అయితే నేను పట్టుకుంటా" అని అన్న చొక్కా అంచు పిడికిట బిగించింది. ఆ పొద్దు పాల అంగడి దాకా అట్లాగే నడిచారు, తరువాత ఎన్నో పొద్దులు అట్లాగే నడిచారు. ట్యాంకరు ఆగిన క్షణాన్ని నీటి చుక్కలతో సహా గుర్తుపెట్టుకున్న నాకు, ఆ పిడికిలి ఆ చొక్కాను ఏ రోజు వదిలేసిందో మాత్రం ఎంత తలచుకున్నా గుర్తు రాదు.