అట్ట మీద లేని వదిన

ముప్పయ్యేళ్ళుగా ఆ ఇంటివాళ్ళు వేసే శాస్త్రీయ సంగీతం రికార్డుల అట్టల మీద మొగుడి పేరు రెండుసార్లూ, మరిది పేరు ఒకసారీ ఉంటాయి. ఫొటో కోసం తివాచీ అరువిచ్చిన పక్కింటాయన పేరు కూడా ఉంటుంది. వీధి వీధంతా వదినా అని పిలిచే ఆ ఇంటి ఇల్లాలి పేరు మాత్రం ఉండదు. "ఇంటి మనిషివి, నీకెందుకే పేరు?" అంటాడు మొగుడు, తానేదో అద్దెకున్నవాడైనట్టు. వదిన కొప్పులో పెన్సిల్ గుచ్చుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, విద్వాంసుల దగ్గులూ గొంతు సవరింపులూ కత్తిరిస్తూ కూర్చుంటుంది. స్వరం తప్పిన చోట, రిహార్సల్లో బాగా పలికినదాన్ని తెచ్చి అతుకు తెలియకుండా అతికిస్తుంది.

మొన్న కొత్త రికార్డు విడుదల సభలో గాయకుడు కళ్ళు మూసుకుని, "ఆ పై స్వరం నేను పాడింది కాదు, దేవుడు పాడించాడు" అన్నాడు. వెనక కుర్చీలు సర్దుతున్న వదిన నోరు ఇక ఆగలేదు.

"దేవుడు కాదు బాబుగారూ, నేను! స్టూడియోలో మీరు ఆ స్వరం గొంతు నాలుగుసార్లు నులిమారు. ఇది మంగళవారం రిహార్సల్లోది."

సభ గొల్లుమంది. మొగుడు పళ్ళు నూరుతూ, "ఇంటికి పద, చెప్తా" అన్నాడు.

"చెప్పక్కర్లేదు, అచ్చు వేయించు."

రెండో విడత అట్టలు వచ్చాయి. పేరు ఇంకా ఎక్కలేదు. మీ ఇంట్లో ఆ రికార్డుంటే వెనక చిరునామా చూసి, ఈ కోతా అతుకూ ఎవరివని ఒక కార్డు ముక్క రాయండి. ఆ ఇంట్లో ఉత్తరాలు విప్పేదీ వదినే. మొగుడికి గట్టిగా చదివి వినిపిస్తుంది.