ఫిల్టర్ నీళ్ల డ్రమ్ము

ప్రొద్దుటూరులో నేను పనిచేసే నర్సింగ్ హోంలో ఆపరేషన్ థియేటర్ నా రాజ్యం. డాక్టర్లు వస్తుంటారు, పోతుంటారు. ఏ పరికరం ఏ ట్రేలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలిగేది నేనొక్కదాన్నే అని నాకు మహా గర్వం. పులివెందులలో ఉండే మా తమ్ముడు ఫోన్ చేసి, భార్యకు పిత్తాశయంలో రాళ్లున్నాయి, కడపకు తీసుకుపోతానంటే, ఆ గర్వంతోనే వాణ్ని కసిరాను.

"నేను ఈడ ఉండంగా కడపకు ఎందుకురా? ఈడికే తీసుకరా."

తీసుకొచ్చాడు. పొట్ట కోయకుండా నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్ అది. లోపలికి పంపే కెమెరా గొట్టాన్ని ఆవిరిలో పెడితే పాడవుతుందని క్రిములు చంపే మందులో నానబెడతాం. తర్వాత సీసాలో వచ్చే స్టెరైల్ నీళ్లతో కడగాలి. నాకు ఆ ఒక్క కడుగుడు ఎప్పుడూ చాలదనిపించేది. కళ్లు మండించే ఘాటు మందు, లోపల పేగులకు తగిలితే ఏం కావాలి? బోరు నీళ్లయితే పరికరాల మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. అందుకని తాగడానికి తెప్పించే ఫిల్టర్ నీళ్లు ఒక డ్రమ్ములో పోసిపెట్టుకుని, వాటితో ఇంకోసారి కడిగేదాన్ని. నాకు పని నేర్పిన పెద్ద సిస్టర్ కూడా అంతే చేసేది. మా మరదలి ఆపరేషన్ రోజు రెండుసార్లు కడిగాను. మన మనిషి కదా.

వారానికి కుట్లు ఆరిపోయాయి. నెల దాటాక బొడ్డు పక్కన గోలీ అంత గడ్డ లేచి, పగిలి, పల్చటి రసి కారడం మొదలైంది. రోజూ కట్టు మార్చాలని ఆమెను మా ఇంట్లోనే ఉంచుకున్నాను. పుండు మానలేదంటే మా ఇళ్లల్లో ముందు నిలదీసేది పుండున్న మనిషినే.

"వంకాయ తింటివా? నిజం చెప్పు మే."

"లేదు వదినా, నీ మీద ఒట్టు."

"మరి రసి యాడ్నించి వస్తాంది?"

ఇన్నేళ్లు ఆస్పత్రిలో ఉండి కూడా నేను అడిగిన ప్రశ్న అది. వంకాయ, గోంగూర, గుడ్డు అన్నీ మాన్పించి చారన్నం మీద పెట్టాను. నోరు కట్టుకోలేదని పక్కింటివాళ్లకూ చెప్పాను. ఆమె చిక్కి సగమైంది. నేను కట్టు విప్పుతుంటే పైట కొంగు నోట్లో కుక్కుకునేది, ఎదురు మాట్లాడేది కాదు.

రసిని మైక్రోస్కోపులో చూసి టీబీ అన్నారు. మూడు నెలలు టీబీ మాత్రలు మింగింది, మింగినవన్నీ కక్కుకుంది, పుండు మాత్రం రెండో రంధ్రానికి పాకింది. ఆలోగా మా దగ్గరే అదే ఆపరేషన్ చేయించుకున్న ఇద్దరు, జమ్మలమడుగు నుంచి ఒకామె, ఎర్రగుంట్ల నుంచి ఇంకొకామె అదే గడ్డతో, అదే రసితో వచ్చారు. ముగ్గురూ పత్యం తప్పారా అని నాకు అప్పుడైనా తట్టలేదు.

డాక్టర్ సారుకు తట్టింది. ముగ్గురి రసినీ, థియేటర్లో ఉన్న నీళ్లన్నిటినీ సీసాలకెత్తి బయటి ల్యాబుకు పంపాడు. రిపోర్టు వచ్చాక నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. ఇది టీబీ కాదు, దాని దాయాది క్రిమి. నీళ్లల్లో, మట్టిలో తన బతుకు తాను బతుకుతుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తాగినా సాధారణంగా ఏమీ కాదు. కోసినచోట చర్మం కిందికి చేరితే మాత్రం పాతుకుపోతుంది. దాని జన్యువులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివి, పక్కపక్కన పెట్టి చూశారట. ముగ్గురి పుండ్లలో ఉన్నదీ, డ్రమ్ములో ఉన్నదీ ఒకే సంతానం. పనిచేయాల్సిన ముఖ్యమైన మందుకు లొంగకుండా చేసే జన్యువు కూడా దానికి ఉంది. ఇక నెలల తరబడి సూదులు, మళ్లీ కోసి చెడిన కండ తీయడం. ఆ సూదులతో చెవులు దెబ్బతినవచ్చు కూడా.

"ఆ డ్రమ్ము ఎవరు పెట్టినారమ్మా?"

"నేనే సార్."

ఆయన, పేషెంట్లకు తాను చెబుతానని, నన్ను నోరు విప్పొద్దని అన్నాడు. నాకు సిగ్గేసింది. చెప్పకపోతే ఆమెకు ఎప్పటికీ తెలియదని ఒక్క క్షణం ఆశపడిన మాట కూడా నిజం.

సాయంత్రం మామూలుగానే కట్టు మార్చడానికి కూర్చున్నాను. సగం విప్పి ఆపేశాను. డ్రమ్ము సంగతి, రెండుసార్లు కడిగిన సంగతి, అన్నీ చెప్పేశాను. నీ తప్పు ఏమీ లేదు మే, అంతా నాదే అన్నాను. ఏడ్చాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

ఆమె నా చేతిని పక్కకు తీసి, విప్పిన గుడ్డను తనే మెల్లగా పొట్టకు చుట్టుకుంది.

"ఇంక నువ్వు ముట్టుకోవద్దు వదినా," అంది.