ఒకే ట్రేలో పన్నెండు మరలు

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు ఐర్లండ్‌లోని షానన్‌లో దిగాను. తొమ్మిది డిగ్రీల చలి, పడమటి గాలి, సన్న జల్లు. సైన్యంలో పద్దెనిమిదేళ్లు ఆయుధాలు బాగుచేసిన హవల్దారును. పెన్షన్ తర్వాత ఇది ఆరు నెలల కొలువు. నేను మాత్రం పోస్టింగ్ అనే అనుకున్నాను.

వర్క్‌షాపులో ముగ్గురం. మేస్త్రీ డెబ్భై దాటిన ఐరిష్ పెద్దమనిషి. కొలతలు చూసేది వరంగల్ నుంచి ఎం.ఎస్.కు వచ్చి ఉండిపోయిన ఇంజనీరమ్మాయి. మూడోవాణ్ణి నేను.

అక్కడ తయారయ్యేవి సింగిల్ యాక్షన్ రివాల్వర్లు. ప్రతిసారీ పేల్చేముందు వెనకుండే సుత్తిని, అంటే హ్యామర్‌ని, బొటనవేలితో వెనక్కి లాగాలి. ట్రిగ్గర్ చేసేది దాన్ని వదలడమొక్కటే. గుర్రపు దళాల నాటి ఏర్పాటు. నూట యాభై ఏళ్లయినా లోపలి అమరిక పెద్దగా మారలేదు.

మేస్త్రీ తూటాలు పెట్టే ఆరు గదులనూ ఆ తుపాకీ గొట్టానికే సరిచూసి ఒక్కొక్కటిగా తొలిచేవారు. బిగించాక ప్రతి మర (స్క్రూ) తల మీది గాడి కూడా గొట్టం దిశలోనే నిలవాలి. అందుకు మర తల అడుగును ఆకురాయితో కొంచెం కొంచెంగా తీసేవారు. రెండు రివాల్వర్ల జంటకు పదకొండు వారాలు పట్టేవి. అంత ఓర్పు నేను ఏ ఆయుధశాలలోనూ చూడలేదు.

"చూపు తగ్గుతోంది. ఇదే నా ఆఖరి జంట" అన్నారు మేస్త్రీ ఒకరోజు. కొనే ఆయన గురువారం పదింటికి వస్తాడు. బుధవారం నూనె వేయడానికి రెండూ విప్పమని నాకు ఆర్డరు. విప్పాను. ఒక్కోదానికి ఆరు మరలు. పన్నెండూ ఒకే ట్రేలో వేశాను.

సైన్యంలో అలాగే చేస్తాం. ఏ రైఫిల్ మరైనా ఆ రకం రైఫిల్ దేనికైనా పడుతుంది.

ఇంజనీరమ్మాయి ట్రే చూసి ఆగిపోయింది. "అంకుల్, రెండింటివి కలిపేసిన్రా? ఏది దేనిదో ఇప్పుడెట్ల తెలుస్తది?"

"తప్పయిపోయిందమ్మా."

"సార్‌కు మీరే చెప్పాలె. నేనైతే చెప్ప."

చెప్పాను. మేస్త్రీ కేకలేయలేదు. స్క్రూడ్రైవర్ నా ముందు పెట్టారు.

"విప్పింది నువ్వు. బిగించేదీ నువ్వే. బలవంతం చేయకు. కొన జారితే గీత పడుతుంది. ఇనుము మీది ఆ నీలిరంగు పూత రేపటికి మళ్లీ వేయలేను."

ఆరు రకాలు, రకానికి రెండు. కూర్పులు అరవై నాలుగు. కాసేపటికి తట్టింది: ఒక రకం మరతో ఇంకో రకానికి సంబంధం లేదు. అంటే పరీక్షలు ఆరే. గాడి వంకరగా నిలిస్తే ఆ మర రెండో తుపాకీది.

మూడూ ఇరవైకి మొదలుపెట్టాను. మూడు రకాల మరలు సులువుగా తేలాయి. నాలుగో రకంలో ఎటు మార్చినా గాడి దాదాపు సరిగ్గానే నిలిచింది.

"లైటు దగ్గరికి జరుపుండ్రి అంకుల్," అంది అమ్మాయి, భూతద్దం పట్టుకుని. "ఎడమ దిక్కు సూదిమొనంత ఒరిగింది. ఇది దానిది కాదు."

మార్చాను. ఐదూ ఐదుకు పన్నెండూ బిగిశాయి.

మేస్త్రీ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. బొటనవేలి గోటిని గాడుల మీదుగా నడిపారు. రెండో తుపాకీ నాలుగో మర దగ్గర గోరు ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ నడిపారు.

"గ్రాండ్," అన్నారు, అక్కడి మాటలో బాగుందని. అంతే.

గురువారం జంట వెళ్లిపోయింది. ఆరు నెలలు నిండాక నేనూ తిరిగొచ్చాను. ఇక్కడ ఆ తుపాకుల గురించి అడిగినవాళ్లకు కొలతలు చెప్తుంటాను. నాకు మాత్రం కనబడేది ఒక్కటే: నాలుగో గాడి మీద ఆగిన ఆ గోరు, దాని కింద కదలని నీలిరంగు ఇనుము.