బుగ్గన నీళ్లు

ఎవరు పిలిచినా చేతిలో పని వదిలి పలకడమే మర్యాద అనుకుంటున్నారా? అయితే గిద్దలూరు బోర్డు ఆస్పత్రిలో నేను చూసిన కాంపౌండరు మీ లెక్కలో మొరటువాడు.

మందు కలిపే ముందు ఆయన నోటినిండా నీళ్లు పోసుకునేవాడు. సీసాకు బిరడా బిగించాకే బయటికి వెళ్లి ఉమ్మేవాడు. అంతవరకూ ఎవరికీ జవాబు లేదు. అది మౌనవ్రతమనీ, మందులో మంత్రం పోస్తున్నాడనీ జనం దండాలు పెట్టేవారు. మనవాళ్లకు జాగ్రత్త కనబడితే చాలు, బొట్టు పెట్టి మొక్కుతారు.

ఒకరోజు జ్వరంతో మూలుగుతున్న మా అక్క కూతురి కోసం ఆయన మందు చుక్కలు లెక్కపెట్టి సీసాలో వేస్తున్నాడు. ఎక్కువైతే విషమయ్యే మందు అది. అప్పుడే ఒక ఊరి మునసబు వచ్చాడు.

"ఏందబ్బీ, నేనొచ్చినా లేవవు? బెల్లం కొట్టిన రాయి మాదిరి ఉన్నావే?"

కాంపౌండరు బుగ్గలు ఉబ్బించుకుని సీసా వంకే చూస్తున్నాడు. మునసబు బల్ల చరిచాడు. అక్క నా చెయ్యి పట్టుకుంది. చుక్కలు వేసే ఆయన చెయ్యి మాత్రం తడబడలేదు.

బిరడా బిగించి, బయట ఉమ్మి వచ్చాడు.

"ఇప్పుడు చెప్పు మామా. నేను పలికితే చుక్కల లెక్క తప్పుతాది, బిడ్డ పానం మీదికొస్తాది."

"మరి మంత్రం?" అంది అక్క.

"మంత్రం లేదు, మన్నూ లేదక్కా. బాయి నీళ్లు."

అన్నాళ్లకు అక్క నవ్వింది. ఆ వారంలోనే పిల్ల లేచి సంగటి అడిగింది.

మీరు ఆ నీళ్లకు మొక్కకండి. రేపు పనికి కూర్చునే ముందు నోటినిండా పోసుకోండి. పని ముగిశాకే ఉమ్మండి.