బాబు పోయాక నాకు అలవాటైన కల్లు

మా మూడు నెలల బాబు నిమోనియాతో పోయి అప్పటికి నెల దాటింది. ఒకరోజు రాట్నం ముందు కూర్చున్నాను గాని చేయి కదలలేదు. ఆకలి లేదు, ఏడుపు కూడా రాలేదు. నాకేదో అయిందని ఆ రోజే తెలిసింది. మాది గద్వాలలో చేనేత ఇల్లు. మా ఆయన చీరలు నేస్తాడు, నేను రాట్నం మీద నూలు కండెలు చుడతాను.

నాకు నిద్ర లేక వారాలైందని మా అత్తమ్మ కల్లు సీసా తెప్పించింది. "జర తాగు బిడ్డా, నిద్రొస్తది" అంది. నిజంగానే వచ్చింది. ఆమె మీద నాకు కోపం లేదు, ఆమెకు తెలిసిన మందు అదే. ఏడాది తిరిగేసరికి పొద్దున్నే సీసా పడకపోతే చేతులు వణికేవి. ఏడేళ్ల మా కూతురు మానస తన జడ తనే వేసుకోవడం నేర్చుకుంది.

మా ఆయన దేవుడి ముందు ఒట్టు వేయించి కల్లు ఒక్కసారే బంద్ చేయించాడు. మూడో రోజు మధ్యాహ్నం నాకు బాబు ఏడుపు వినిపించింది. మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలోకి దిగి వెతికాను. అక్కడే ఫిట్స్ వచ్చాయట. నాకు గుర్తు లేదు. నా నోట్లోంచి రక్తం కారడం చూసిన మానసకు గుర్తుంది.

దవాఖానలో అడ్మిట్ చేశారు. కల్లులో మత్తుమందు కలిసి ఉంటుందని, ఇది అలవాటైన మత్తు అందక వచ్చే విత్‌డ్రాయల్ అని, ఒక్కసారిగా మానేస్తే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాడు. బాబు సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంటికొచ్చాక మళ్లీ నిద్ర పట్టలేదు. నెల తిరగకుండానే మళ్లీ తాగాను.

రెండోసారి వనపర్తిలో సైకియాట్రిస్ట్ మేడం దగ్గరికి తీసుకెళ్లారు. ఆమె అడిగిన మొదటి మాట, "నిద్ర ఎప్పటి నుంచి పడ్తలేదమ్మా?"

మా ఆయన తల వంచుకున్నాడు. మా ఇంట్లో బాబు మాట ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు.

"బాబు పోయిన కాన్నుంచి" అన్నాను. అన్నాక ఏడుపు ఆగలేదు.

"నీకు రెండున్నయి. అడిక్షన్, డిప్రెషన్. ఒక్కదానికే మందిస్తే, మిగిలింది మళ్ల దాన్ని పిలుస్తది" అందామె.

కొన్నాళ్లు వార్డులో ఉంచి, మందులతో మత్తు కొద్దికొద్దిగా తగ్గించారు. డిప్రెషన్‌కు వేరే బిళ్లలు, వారం వారం కౌన్సెలింగ్. నాలుగు నెలలు బాగున్నాను. బాగైపోయాననుకుని బిళ్లలు నేనే ఆపేశాను. నిద్ర మళ్లీ తగ్గింది. అచ్చంపేటలో మా అక్క ఇంట్లో శుభకార్యానికి వెళ్లి తాగాను. మానస దగ్గరికొచ్చి నా నోరు వాసన చూసింది. మర్నాడు పెబ్బేరులో అమ్మమ్మ దగ్గర ఉంటానని వాళ్ల నాన్నను అడిగింది. ఉండమని అడిగే మొహం నాకు లేదు.

మేడం తిట్టలేదు, వైద్యం మళ్లీ మొదలుపెట్టింది. కల్లు ముట్టక ఏడాది దాటింది. బిళ్లలు వేసుకుంటున్నాను, కండెలు చుడుతున్నాను. మానస పెబ్బేరు నుంచి ఆదివారాలు వస్తుంది. పోయిన వారం, ఈ ఒక్కరోజు ఇక్కడే పడుకోమని అడిగాను.

"నువ్ మంచిగనే ఉన్నవమ్మా. గని నాకు భయమైతది" అంది.

బలవంతం చేయలేదు. బస్సు ఎక్కించి వచ్చాను.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే కల్లు ఒక్కసారిగా మాన్పించకండి, దవాఖానకు తీసుకెళ్లండి. రోజుకెన్ని సీసాలో డాక్టరుకు చెప్పేటప్పుడే, మొదటి సీసాకు ముందు ఇంట్లో ఏం జరిగిందో కూడా చెప్పండి.